మిట్ట మీద తోసిన చెయ్యి

“అమ్మా, గొలుసొక్కటి మారిస్తే నడువది. గీ పండ్లు సూడు, కొక్కేల లెక్క అయినయ్,” అన్నాడు సైకిళ్లు బాగుచేసే అతను.

నారాయణఖేడ్‌లో బస్సు డిపో దాటాక, మోటారు సైకిళ్ల నడుమ ఇరుక్కున్న చిన్న డబ్బా అతనిది. పాత సైకిళ్లు ముట్టుకునేవాడు ఊళ్లో ఇప్పుడు అతనొక్కడే అని ఎవరో చెబితే, మా మేనత్త సైకిల్‌ను ఆటోలో వేయించుకుని పోయాను. పోయిన వానలకు మా ఇంటి వెనక రేకులు కూలాయి. ఎన్నో ఏళ్లుగా వాటి కింద ఉన్న ఆ సైకిల్‌ను పాత ఇనుము వాళ్లకు వేద్దామా అంటే చెయ్యి రాలేదు.

అతను చెప్పింది నిజమే. పెడల్స్ దగ్గరి పెద్ద చక్రం పళ్లు అరిగి అరిగి ఒక్క వైపుకే వంగిపోయాయి. వెనక ఫ్రీవీల్ పళ్లు ఇంకా అన్యాయం. గొలుసు పట్టి గుంజితే పాములా సాగుతోంది.

“కొత్త గొలుసు ఏసినమనుకో, గీ పాత పండ్ల మీద నిలువది. జోరుగ తొక్కంగనే ఎగిరిపడ్తది. తొక్కెటోళ్లు బోర్ల పడ్తరు. మూడూ ఒక్కపారే మార్చాలె. సామాన్లు దొరుకుడే కష్టం. నాలుగు దినాలు టైమియ్యి.”

ఇది నేను చిన్నప్పుడు రోజూ విన్న మాట. మా నాయిన కూడా సైకిళ్లే బాగుచేసేవాడు. వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్పేవాడు. ఒక్కసారి మాత్రం ఆ మాట ఆయనే తప్పాడు.

అతను గొలుసు ఊడదీసి గ్యాసునూనె డబ్బాలో వేశాడు. ఆ వాసన ముక్కుకు తగలగానే నేను అక్కడే స్టూలు మీద కూలబడ్డాను.

అప్పుడు మా ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు గదిలో నాయిన పని, వెనక మా కాపురం. అన్నంలో కూడా గ్యాసునూనె, రబ్బరు సొల్యూషన్ వాసన వచ్చేదని మా అవ్వ సణిగేది. అవ్వ అంటే నాయినను కన్నతల్లి. జొన్నరొట్టెలు చరిచే చప్పుడుతో, కుసుమ నూనె కాగే వాసనతో ఆమె ఇంటిని నింపేది. మా అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నన్ను సాకింది అవ్వా, అత్తా.

అత్త నాయినకు అక్క. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే, మిషన్ దవాఖానలో పురుళ్లు పోసే పని నేర్చుకుంది. ఖేడ్ నుంచి కంగ్టి దాకా ఎన్ని ఊళ్లున్నాయో అన్నీ ఆమెవే. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. బస్సు వచ్చేదాకా పురుడు ఆగదు కనుక నాయిన ఎక్కడి నుంచో ఒక పాత లేడీస్ సైకిల్ తెచ్చి, విప్పి, కడిగి, ఆమెకు ఇచ్చాడు. తెల్లచీర కుచ్చిళ్లు పైకి దోపి, తలకు కొంగు చుట్టి, క్యారియర్ మీద రేకు పెట్టెతో అత్త పోతుంటే, పొలాల్లో కందికట్టెలు కొట్టేవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు.

ఆ రేకు పెట్టె సర్దే పని నాది. కత్తెర, దారం నీళ్లలో మరగబెట్టి, ఉడకబెట్టిన బట్టలో చుట్టి పెట్టేదాన్ని. అందుకు జీతం నేనే తీసుకునేదాన్ని: నాయిన సీసాలో దాచే చర్రలు. సైకిల్ ఇరుసులో వేసే ఆ ఇనుప గుండ్లు గోళీలాటకు బ్రహ్మాండంగా పనికొచ్చేవి. ఒకసారి దొరికిపోయి, రోజంతా గొలుసులు తోమాను. మసి వదలని చేతులతో బడికి పోతే పంతులు బయట నిలబెట్టాడు.

ఆ ఏడు ఎండాకాలం ముందే వచ్చింది. అవ్వ, పక్కింటామె కలిసి కూర్చుని చింతపండు కొడుతున్న రోజులు. వాకిలంతా పులుపు వాసన. అత్త సైకిల్ గొలుసు తెగే స్థితికి వచ్చింది. నాయిన దాన్ని బోర్లా తిప్పి చూసి, పండ్లు కూడా పోయాయని, బీదర్ పోయి మూడూ తెస్తానని అన్నాడు. పోవడానికి తీరిక దొరకలేదు. ఇవాళ, రేపు అనుకుంటూ వారం గడిచింది.

ఒక పొద్దున్న ఒకతను చెమటలు కక్కుతూ వాకిట్లో నిలబడ్డాడు. కంగ్టికి ఇవతల, బండిబాట మీద ఉన్న చిన్న పల్లె వాళ్లది. పెళ్లానికి నిన్న పొద్దుగూకినప్పటి నుంచి నొప్పులట. తొలిచూలు.

అత్త లోపలికి పోయి పెట్టె తీసుకుని వచ్చేసరికి నాయిన సైకిల్‌కు అడ్డం నిలబడ్డాడు.

“గొలుసు ఆగదక్కా. సాయంత్రం బస్సుకు పో.”

“సాయంత్రం దాంక ఆమె ఆగుతదారా?”

“రేపు బీదర్ పోయొస్త. పండ్లు మార్చకుంట…”

“గొలుసు ఉన్నదా లేదా నీ తాన?”

ఉంది. కొత్త గొలుసు మేకుకు వేలాడుతోంది. నాయిన దాని వంక చూశాడు, అత్త వంక చూశాడు. కూర్చుని, పాత గొలుసు తీసి, కొత్తది ఆ అరిగిన పళ్ల మీదే వేశాడు. చేత్తో పెడల్ తిప్పితే గొలుసు కటక్ కటక్‌మని ఎగిరెగిరి పడింది. అది నేనూ విన్నాను.

“మెల్లగ తొక్కు. ఎత్తుల దిగి నడువు అక్కా. మర్శిపోకు.”

“నడుస్త తియ్యి,” అంది అత్త. వచ్చినతను అడ్డదారిన పొలాల మీదుగా పరుగెత్తాడు. ఆమె రోడ్డు పట్టింది.

ఎండ తగ్గి, నీడలు సాగుతున్న వేళకు అత్త తిరిగి వచ్చింది. సైకిల్ తోసుకుంటూ, నడుచుకుంటూ. గొలుసు ఊడి కింద ఈడ్చుకుంటోంది. ఎడమ చెవి పైన జుట్టంతా రక్తంతో అట్టకట్టి ఉంది. తలకు ఒక గుడ్డ కట్టి ఉంది, అది మా ఇంటిది కాదు.

అవ్వ చింతపండు కొట్టే చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నాయిన చేతిలోని పానా కింద పడేసి ఉరికి అక్కను పట్టుకున్నాడు.

“ఏం పుట్టిందక్కా?” అని అడిగింది పక్కింటామె, ఏం అడగాలో తోచక.

అత్త ఆమె వంక తిరిగింది. “నాకెర్క లేదు,” అంది.

వాగు వంతెన దాటాక ఒక మిట్ట ఉంటుంది. దాని మొదట్లో దిగుదాం అనుకుందట. ఆలస్యమవుతుందని దిగకుండా, లేచి నిలబడి గట్టిగా తొక్కిందట. గొలుసు పెద్ద చప్పుడు చేసింది. అక్కడితో సరి. మళ్లీ తెలివి వచ్చేసరికి ఖేడ్ మొదటి ఇళ్ల దగ్గర సైకిల్ తోసుకుంటూ నడుస్తోంది. నడుమ ఒక పగలంతా ఆమెకు లేదు.

నేను రేకు పెట్టె తెరిచాను. కత్తెర కడిగి, తుడిచి, తడిబట్టలో చుట్టి ఉంది. దారం ఉండ సగమైంది. పెట్టెలో పచ్చి రక్తపు వాసన.

దవాఖానలో కుట్లు వేశారు. తలకు దెబ్బ తగిలితే ఆ కాస్సేపటి సంగతి పోవడం మామూలేనని, పరేషాన్ కావద్దని డాక్టరమ్మ చెప్పింది. అందరం నమ్మాం. నాయిన మాత్రం మర్నాడు తెల్లారి మొదటి బస్సుకు బీదర్ పోయాడు.

ఆయన పోయిన కాసేపటికే ఆ పల్లెటూరి అతను వచ్చాడు. చేతిలో బెల్లం ముద్ద, మొహం నిండా నవ్వు. ఆడపిల్ల పుట్టిందట. తల్లీ పిల్లా బాగున్నారట. బిడ్డ అడ్డం తిరిగి ఉంటే సరిచేసి తీశారట. ఊరంతా అదే మాటట.

అత్త మంచం మీద లేచి కూర్చుంది. అతను ఇల్లంతా కలియజూశాడు.

“గా రెండో అమ్మ యాడున్నది? ఆమె కాల్లు మొక్కి రమ్మన్నది మా అవ్వ.”

“రెండో అమ్మ ఎవరు?”

“నీతోని వచ్చింది గద తల్లీ. నువ్వు సీటు మీద కూసున్నవ్. ఆమె ఎనకనుంచి తోస్కుంట తెచ్చింది. నేను చేను గట్టు మీదికెళ్లి సూస్తనే ఉన్న.”

బెల్లం మీద ఈగలు ముసురుతున్న చప్పుడు వినిపించింది నాకు.

అతను పోయాక ఇల్లు రెండు ముక్కలైంది. అవ్వ మోకాళ్ల మీద కూలబడి ప్రార్థన చేసింది. “దేవదూతనే బిడ్డా. ప్రభువు పంపిండు,” అంది. పక్కింటామె ఏటా బోరంచ పోయి నల్లపోచమ్మకు మొక్కే మనిషి. ఆమె ఒళ్లంతా జలదరించి, “తల్లే వచ్చింది. గా దిక్కు బాటంత ఆమెదే,” అంది. ఇద్దరూ వాదులాడుకున్నారు. అత్త ఇద్దరి వైపూ చూడకుండా గోడ వంక చూస్తూ ఉండిపోయింది. నాతో మెల్లగా అంది:

“ఆమెనే అంత చేస్తే, నేనేం చేసిన?”

నాయిన మూటతో తిరిగి వచ్చాడు. కొత్త పళ్లచక్రం, ఫ్రీవీల్, ఇంకో గొలుసు. మొన్న వేసిన కొత్త గొలుసును మళ్లీ వాడలేదు, పక్కన పారేశాడు. పెడల్ కడ్డీని పట్టి ఉంచే పిన్ను తుప్పుకు బిగిసి రాలేదు. సుత్తితో ఎన్ని దెబ్బలు వేశాడో. పని మీద ఎండ పడేలా నేను రేకు తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాను. ఆయన కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. మూడూ వేసి, చక్రం తిప్పి, చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. సన్నగా టిక్కుటిక్కుమని ఫ్రీవీల్ మాట తప్ప.

“ఇగ ఎగరదక్కా,” అన్నాడు వాకిట్లోంచే. లోపలికి రాలేకపోయాడు.

“నేనే దిగకపోతిని. నీదేం లేదు పో, బువ్వ తిను,” అంది అత్త. ఆయన తినలేదు.

నాలుగో రోజు అత్త బయలుదేరింది. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. బాలింతను చూడాలంది. అందరికీ తెలుసు ఆమె చూడబోయేది అదొక్కటే కాదని. ఒక్కతే పోవద్దని అవ్వ మొండికేస్తే నన్ను వెనక కూర్చోబెట్టుకుంది. పెట్టె నా ఒళ్లో.

రోడ్డుకు ఇరువైపులా కోసేసిన కంది మోళ్లు. మోదుగులు ఎర్రగా విరగబూశాయి. గాలి లేదు. మిట్టమధ్యాహ్నం కాకముందే రోడ్డు మీద ఎండ నీళ్లలా కదులుతోంది. ఒక్క మనిషి ఎదురు రాలేదు. వాగు వంతెన దాటాం. మిట్ట మొదలైంది.

అత్త దిగుతుందనుకున్నాను. ఆమె దిగలేదు. వేగం పెంచనూ లేదు. నేను వెనక క్యారియర్ మీద బరువుగా కూర్చుని, కాళ్లు ఊపకుండా బిగబట్టుకున్నాను. సగం మిట్ట ఎక్కేసరికి సైకిల్ తేలికైంది. అలాగే చెప్పాలి, ఇంకో మాట లేదు. దిగుడులో పోతున్నట్టు పోతోంది. అత్త కాళ్లు ఆగిపోయాయి. ఫ్రీవీల్ టిక్కుటిక్కుమంటోంది. కాళ్లు ఆడించకుండా మేము పైకే పోతున్నాం.

అత్త తల తిప్పలేదు.

“ఎందుకు దిగినవే? కూసో. నేను తొక్కుత గద.”

“నేను దిగలేదత్తా.”

“మల్ల ఎవరు తోస్తున్నరు?”

“నేను కూసొనే ఉన్న.”

క్యారియర్ కడ్డీ పట్టుకున్న నా చేతుల పక్కన ఏమీ లేదు. నేను వెనక్కి తిరిగి చూడలేదు. చూడాలనీ అనిపించలేదు, వద్దనీ అనిపించలేదు. మెడ తిరగలేదు, అంతే. మా వెనక దుమ్ములో కాళ్లు ఈడ్చినట్టు మెత్తటి చప్పుడు వినిపించిందా అని అడిగితే, వినిపించిందనే చెబుతాను. కానీ నాకప్పుడు పన్నెండేళ్లు.

మిట్ట పైకి చేరాక సైకిల్ మళ్లీ బరువెక్కింది. అత్త తొక్కడం మొదలుపెట్టింది.

ఆ పల్లెలో తెలుగూ కన్నడమూ కలిపే మాట్లాడతారు. బాలింత అత్తగారు గడపలోనే ఎదురై, “బా తల్లీ, బా,” అని చేతులు పట్టుకుంది. లోపల వేపపొగ, వాము, పాలవాసన. బాలింత నవ్వింది. పసిదాని పిడికిళ్లు చింతపువ్వంత ఉన్నాయి.

అత్త చేతులు కడుక్కుని పిల్లను ఒళ్లో వేసుకుని బట్ట విప్పింది. బొడ్డు ఎండుతోంది. దారం ఇంకా ఉంది. అత్త దాన్ని వేలితో తడిమి చూసింది.

ఆమె ముడి నాకు తెలుసు. మంచం కోడుకు దారం కట్టించి నాకు నేర్పింది. రెండు చుట్లు, రెండు ముళ్లు, ఒక గోరంత తోక. ఇక్కడ మూడు చుట్లున్నాయి. తోక లేదు. చివర కనపడకుండా చుట్ల లోపలికి దోపి ఉంది.

“గీ ముడి నాది కాదు,” అంది అత్త.

ముసలామె నవ్వింది. “నీదెట్లయితది? నువ్వు ఆ గోడకు ఆనుకొని కూసున్నవ్, నెత్తికెళ్లి నెత్తురు కారంగ. నేనే గుడ్డ కట్టిన. ఆమె చెయ్యి పెట్టి బిడ్డను తిప్పింది. నువ్వు ‘మెల్లగ, మెల్లగ’ అనుకుంట ఉన్నవ్.”

“ఎట్లున్నది ఆమె?”

“మా అసోంటిదే. ముసుగు కప్పుకొని ఉండె. కాల్లకు చెప్పుల్లేవు, మోకాల్ల దాంక దుమ్ము. మాటలేదు. రొట్టె పెడితే ముట్టలే. నీ తీరుగనే ఉండె, అక్కచెల్లెండ్లు గావచ్చు అనుకున్నం.”

“యాడికి పోయింది?”

“నీతోనే పోయింది గద!” ముసలామె మొదటిసారి మా ఇద్దరి మొహాల్లోకి మార్చి మార్చి చూసింది. ఆమె నవ్వు మెల్లగా ఆగిపోయింది.

మేము లేచేటప్పుడు ఆమె గూట్లోంచి రెండు రవికె గుడ్డలు తీసింది. ఒకటి అత్తకు, ఒకటి ఆమెకు. అత్త చేతులు చాపలేక నిలబడింది. ఏం చెప్పినా ఆ ఇంట్లో భయం పెట్టిపోయినట్టే. కడకు రెండూ తీసుకుని, “కలిస్తే ఇస్త,” అంది.

తిరుగుదారిలో మిట్ట మాకు దిగుడు. అత్త అక్కడ సైకిల్ దిగి, నన్నూ దించి, చెయ్యి పట్టుకుని నడిపించింది. మిట్ట నడుమ ఆగి, రోడ్డు పక్కన రాయి మీద ఒక రవికె గుడ్డ పెట్టి, ఎగిరిపోకుండా మీద చిన్న రాయి పెట్టింది. ప్రార్థన చేయలేదు.

“నీకెట్ల అనిపిస్తుందత్తా? దేవదూతనా, పోచమ్మనా?” అని అడిగాను, నోరు ఆపుకోలేక.

“దేవదూతకు కాల్లకు దుమ్మెందుకు అంటుతదే?” అంది. కొంచెం దూరం పోయాక, “పోచమ్మకు నాతోనేం పని?” అంది.

ఆ తరవాత అత్త ఇరవై ఏళ్లకు పైగా ఆ సైకిల్ తొక్కింది. నాయిన చేతిలోంచి ఏ సైకిలూ సగం పనితో బయటికి పోలేదు. ఎవరెంత తొందర పెట్టినా పోనివ్వలేదు. దాంతో గిరాకీ పోయింది, ఆయన లెక్కచేయలేదు. అవ్వ పోయింది, నాయిన పోయాడు. ఊళ్లకు రోడ్లు పడ్డాయి, ఆటోలు వచ్చాయి, పురుళ్లు దవాఖానకు చేరాయి. నేను బడిపంతులమ్మనయ్యాను. అత్తను నా దగ్గరే ఉంచుకున్నాను.

ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. కానీ అయిదారేళ్లకోసారి, ఏ బట్టలు మడత పెడుతున్నప్పుడో, అన్నం కలుపుతున్నప్పుడో, అత్త ఉన్నట్టుండి అడిగేది.

“ఆ దినం ఎత్తు మీద నువ్వు దిగి తోసినవా?”

“లేదత్తా.”

ఆమె తలాడించి పనిలో పడిపోయేది.

చివరి రోజుల్లో మంచం మీద నుంచి లేవలేకపోయింది. గుమ్మం వైపు చూస్తూ ఉండేది. ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో అంత బలం ఎక్కడిదో.

“నిజం జెప్పు బిడ్డా. నువ్వే దిగి తోసినవ్ గదా?”

ఆమె కళ్లు పెద్దవై ఉన్నాయి. పాపం, భయంతో అడుగుతోందనుకున్నాను. ఎవరో ఏమిటో తెలియనిది వెనక వచ్చిందన్న బెదురు పెట్టుకుని పోతుందేమోననుకున్నాను. ఆ బెదురు తీసేయడం నా చేతిలోనే ఉంది కదా అనుకున్నాను.

“ఔనత్తా. నేనే దిగి తోసిన. చిన్న పిల్లను, నువ్వు తిడ్తవని చెప్పలె,” అన్నాను.

ఆమె పట్టు వదిలింది. “ఔనా?” అంది, అంతే. ఆమె మొహంలో వెలుగు నా కళ్ల ముందే పోయింది. మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు తెలిసింది నాకు. ఆమె ఇన్నేళ్లూ అడిగింది భయంతో కాదు. ప్రతిసారీ నా “లేదు” వినడానికే అడిగింది. తనతో ఎవరో నడిచారన్న ఆ ఒక్క సంగతి పట్టుకుని, ఒంటరి మనిషి అన్ని బాటలు తొక్కింది. దాన్ని నేను ఒక్క మాటతో లాగేసుకున్నాను.

మర్నాడు పొద్దున నిజం చెబుదామని పోయి కూర్చున్నాను. అప్పటికే ఆమెకు మాట పడిపోయింది. కళ్లు సగం మూసి ఉన్నాయి. చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాను. “అత్తా, నిన్న అబద్ధం జెప్పిన. నేను దిగలె. నేను తోయలె. ఒట్టు.”

ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. అది కదిలిందో, వణుకుతున్న నా చెయ్యే దాన్ని కదిలించిందో, నాకు ఇవాళ్టికీ తెలియదు.